కొబ్బరి కొట్టంలో ఆరిన పియానో

మా పియానో టీచరమ్మ పోయిందని మొన్న బుధవారం కబురొచ్చింది. చెప్పినాయన “ఆ ఇంగ్లీషు దొరసాని” అన్నాడు. నాకు ఏడుపుకన్నా ముందు కోపం వచ్చింది. బతికినన్నాళ్ళూ “నేను ఇంగ్లీషుదాన్ని కాదు, హంగేరీదాన్ని” అని అందరినీ దిద్దుతూనే ఉంది కదా, మహాతల్లి!

వయసులో ఉండగా ఐరోపాలో పెద్ద పెద్ద సభల్లో వాయించిన మనిషి. కచేరీలకని ఓడెక్కి మలయా వచ్చి, ఇక్కడే ఒక సర్వేయరును పెళ్ళాడి, ఆయన పోయాక బాగన్ దాతుక్‌లో మావాళ్ళు కూలి చేసే కొబ్బరి తోట పక్కనే ఉండిపోయింది. మొదటి ప్రపంచ యుద్ధంలో హంగేరీ ఇంగ్లీషువాళ్ళకు శత్రుదేశమైంది. ఇంగ్లీషువాళ్ళ సభలు ఆవిడకు మూసుకుపోయాయి. ఇక గుమాస్తాల పిల్లలకూ, కూలీ పిల్లనైన నాకూ పాఠాలు చెబుతూ కూర్చుంది. తప్పు మీట నొక్కి నేను ఆగితే వీపుమీద ఒక్కటి చరిచేది. “తప్పు వేలితోనే పోవాలి, మొహందాకా రానివ్వకు. ముందుకు నడు!” అనేది వచ్చీరాని తెలుగులో. ఈ రోజు నాకు అన్నం పెడుతున్నది ఆవిడ నేర్పిన ఆ విద్యే.

నాకు పన్నెండేళ్ళప్పుడు, అన్నాళ్ళకి, ఆవిడకు తెలుక్ ఆన్సన్ పట్నంలో కచేరీకి పిలుపొచ్చింది. అదీ కుదరకపోతే పియానో అమ్మేసి ఓడెక్కుతానని ముందే చెప్పేసింది. ఆ హాలులో పియానో లేదు, ఈవిడదే తీసుకెళ్ళాలి. ఆ ఏడు వానలకి దాని చెక్క ఉబ్బి, నొక్కిన మీట లేవడం మానేసింది. పినాంగు నుంచి వచ్చిన మరమ్మతు దొర పెదవి విరిచి వెళ్ళిపోయాడు. కచేరీకి ఇంకా వారమే ఉంది. టీచరమ్మ మూత మూసి, దానిమీద తల పెట్టుకుని కూర్చుంది.

మా నాన్న తోటలో మంట సెగకి కొబ్బరి ఆరబెట్టే కొట్టం చూసేవాడు. నన్ను తీసుకుపోవడానికి వచ్చి, సంగతి విని గుమ్మంలోంచే అన్నాడు:

“ఏటి దొరసానమ్మా, సెక్కే కదా! సెమ్మెక్కితే ఆరబెట్టాల. మంటకి దూరంగా మూడ్రోజులు మా కొట్టంలో ఎట్టండి.”

“మాడిపోతే?”

“నా కొబ్బరి ఎప్పుడన్నా మాడినాదేటి?”

ఆవిడ సరేనని తల ఊపింది.

మూడు రోజులూ నాన్న అన్నానికి కూడా కొట్టం వదల్లేదు. సెగ తగ్గిస్తూ, పెంచుతూ, అరచేత్తో చెక్క తడిమి చూసుకుంటూ అక్కడే ఉన్నాడు. నాలుగో రోజు పొద్దున్న ఆవిడ ఎడమ చివర నుంచి ఒక్కో మీటే నొక్కింది. నొక్కిన ప్రతిదీ లేచింది! శ్రుతి తనే సరిచేసుకుంది.

కచేరీలో మూత తెరవగానే హాలంతా ఎండుకొబ్బరి వాసన. ముందు వరసలో దొరసానులు ముక్కులకు రుమాళ్ళు అడ్డం పెట్టుకున్నారు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ పట్టించుకుంటేగా! పదేళ్ళు బిగబట్టుకున్నదంతా వేళ్ళలోంచి పొంగుకొచ్చింది. ఎప్పుడు దించారో ఏమో, నేను చూసేసరికి ఒక్క రుమాలూ ముక్కుమీద లేదు. వాయించడం ఆపగానే హాలంతా చప్పట్లు కొడుతూ లేచి నిలబడింది.

ఆ తరవాత పినాంగు, సింగపూరు ఆవిడను ఎన్నిసార్లు పిలిచాయో చెప్పలేను. నాకు మాత్రం కళ్ళకు కట్టినట్టుండేది ఆ సాయంత్రమే. అందరూ నిలబడి ఉండగానే ఆవిడ వేదిక దిగి తిన్నగా వెనక తలుపు దగ్గరికి వెళ్ళి, బయట నిలబడ్డ మా నాన్న చెయ్యి పట్టుకుని వేదికమీదికి లాక్కొచ్చింది. “ఈయన లేకపోతే ఈ కచేరీ లేదు” అంది అందరితో. చప్పట్లు ఇంకా జోరయ్యాయి. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ దొరల ముందు నిలబడి బతికిన మనిషి. తన ముందు అంతమంది దొరలు నిలబడితే ఏం చెయ్యాలో పాపం ఆయనకు తెలియలేదు. ఒక చెయ్యి టీచరమ్మ వదలడం లేదు. రెండో చేత్తో కంగారుగా సైగ చేస్తూ, “కూసోండి దొరా, కూసోండి” అన్నాడు.

ఒక్కరూ కూర్చోలేదు.