చెల్లెలు తెచ్చిన ఇంగ్లీషు కాగితం

బేతంచెర్లలో మా వీధి ఆడవాళ్ళు నేను చదివి చెప్పిందాకా ఏ కాగితం మీదా వేలిముద్ర వేసేవాళ్ళు కాదు. నేను బడి మొగం చూడలేదు. బండల లారీల మీది రాతలు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నా. ఆ పెత్తనం నాకట్లా వచ్చింది.

సెల్‌ఫోన్లు ఊళ్ళోకి కొత్తగా వచ్చిన ఏడు, చర్చి పక్క షెడ్డులో ఆడవాళ్ళకు పరీక్షల క్యాంపు పెట్టినారు. గర్భసంచి ముఖద్వారానికి ఏదో వైరస్ పడుతుందట, ఏళ్ళ తరబడి దాక్కునుండి క్యాన్సర్ అవుతుందట. ఊరగాయల్లో పోసే వెనిగర్ పూస్తే, రోగముంటే తెల్లమచ్చ కనబడుతుందట. దుడ్లు కూడా అక్కర్లేదట!

ఊరికే ఎవరు చేస్తారు? వెనకటికి ఎమర్జెన్సీలో సర్కారోళ్ళు ఇట్లే ఊరికే పరీక్ష అని మా తమ్ముణ్ణి జీపులో తీసుకుపోయి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి, దుప్పటి చేతిలో పెట్టి పంపినారు. అప్పటికి వాడికి బిడ్డల్లేరు.

బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మా చెల్లెలు, వీధి ఆడవాళ్ళను వెంటేసుకుని, పరీక్షకు ముందు వేలిముద్ర వేయమని క్యాంపులో ఇచ్చిన కాగితం తెచ్చింది.

"అన్నా, బిరీన చదువు. నర్సమ్మ కాచుకోనుండాది."

అంతా ఇంగ్లీషే.

"మనకు ఇంగ్లీషు కాగితమెందుకుమ్మే? దాచేది ఏదో ఉండాది."

"నీకు రాదని ఒప్పుకోరాదా?" అని నవ్వింది. "ఆడోళ్ళ సంగతి నీకేల, పోయొస్తా."

"ముద్రేసినావంటే నా గడప తొక్కొద్దు."

నవ్వు ఆగిపోయింది. కాగితం మడిచి పనికి పోయింది. ఆమె వెనకున్న ఆడవాళ్ళూ ఇళ్ళకు మళ్ళుకున్నారు. నాకు తృప్తిగానే ఉండింది.

ముట్లుడిగిన ఇన్నేళ్ళకు ఆమెకు మళ్ళీ నెత్తురు పోతోందని, అందుకే పరీక్షకు బయల్దేరిందని ఆరునెల్లకు నా భార్య చెప్పింది. అన్నకు చెప్పొద్దని ఒట్టు వేయించుకుందట. కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయినా.

"ఇంత ముదిరిందాకా ఏం చేస్తాండారు పెద్దాయనా?" అని డాక్టరమ్మ కసిరింది.

మంచం మీద చెల్లెలు అనింది: "కాగితంలో ఏముండాదని అడిగినావు గానీ, నేనెందుకు పోతాండానో అడగలేదు గదన్నా."

క్యాన్సర్ గడ్డకు కరెంటు పెట్టినారు, రేడియేషన్ అంట. చెల్లెలు ఆ ఎండాకాలం దాటలేదు.

మళ్ళీ క్యాంపు వచ్చినప్పుడూ అదే ఇంగ్లీషు కాగితం! తెలుగులో రాసిచ్చిందాకా కదల్లేదు. ప్రతి వరసా రెండుసార్లు చదివి, నా భార్యను లోపలికి పంపి, షెడ్డు వాకిట్లోనే నిలబడినా. ఆ నర్సమ్మ మీద నాకింకా నమ్మకం కుదరలేదు.