మెరకవీధికి నీళ్లు ఎక్కిన ఏడు

ఇలా దగ్గరగా జరిగి కూర్చోండి. అరుగు మీద చోటు చాలకపోతే ఆ చేటను పక్కకు నెట్టండి, చిక్కుళ్లు తరవాతైనా ఒలుచుకోవచ్చు. మా మెరకవీధికి నీళ్లు ఎలా ఎక్కాయో చెబుతాను. కళ్లారా చూసింది, చేతులారా చేసింది కనుక ఒక్క ముక్క కూడా తప్పిపోదు.

మాది విజయనగరం జిల్లాలో ఒక మున్సిపాలిటీ ఊరు. పేరు చెప్పను. ఆ ఆఫీసు మనుషులు ఇప్పటికీ బజారులో ఎదురుపడితే బాగున్నారా అని అడిగేవాళ్లే. పెద్ద తుఫాను వచ్చి కరెంటు స్తంభాలన్నీ పడుకోబెట్టి పోయిన మరుసటి ఏడు సంగతి ఇది. ఊళ్లో మాది మెరకవీధి, దాని కింద పల్లపువీధి. రెండింటికీ ఒకటే నీళ్ల గొట్టం. అది పల్లపువీధిలో మొదలై, ఇల్లిల్లూ పలకరించుకుంటూ మెరక ఎక్కి, మా గోడ దగ్గర ఆగిపోతుంది. మాదే ఆఖరి కొళాయి.

నీళ్లు రోజూ వదిలేవారు. ఎప్పుడు వదులుతారో మాత్రం వదిలే మనిషికే తెలియదు. ఏటి దగ్గర మోటారుకు కరెంటు ఉంటే పొద్దున్నే, లేకపోతే మిట్టమధ్యాహ్నం, ఒక్కోసారి దీపాలు పెట్టే వేళకు. అందుకని మా రెండు వీధుల్లో ఒక అలవాటు పడిపోయింది. ఎవరూ కొళాయి కట్టేవారు కాదు. తిప్పి వదిలేసి, దాని కింద ఖాళీ స్టీలు బిందె పెట్టి, ఎవరి పనుల్లో వాళ్లు ఉండేవారు. నీళ్లకు ముందు గొట్టంలో గాలి వస్తుంది కదా, అది బుసకొడుతుంది. ఆ వెనకే బిందెలో ధార పడి ఠంగుమంటుంది. ఆ చప్పుడే మాకు పిలుపు. పడుకున్నవాళ్లు లేచేవారు, పెరట్లో ఉన్నవాళ్లు పరుగెత్తుకొచ్చేవారు. కొందరైతే కొళాయి తల అరిగిపోయిందని పీకేసి, మళ్లీ పెట్టించుకోనే లేదు. ఎన్నడూ కట్టని కొళాయికి తల ఎందుకు?

ఇంట్లో మనిషి లేకపోతే బిందె నిండి, పొంగి, నీళ్లన్నీ కాలవలో కలిసేవి. పట్టుకోవడం అయ్యాక కూడా చాలామంది కట్టేవారు కాదు, రేపటి పిలుపు కోసం ఎలాగూ తెరవాలి కదా అని. నీళ్లొచ్చే వేళ పల్లపువీధి కాలవ వానాకాలం గెడ్డవాగులా పారేది. మా ఇంటికొచ్చేసరికి కొళాయి ఓసారి దగ్గి, చెంబుడు నీళ్లు విడిచి, ఊరుకునేది.

మా ఇంట్లో ఆ నీళ్ల మీదే బతుకు ఆధారపడిన మనిషి మా తోడికోడలు. మా మరిది పోయాక ఇద్దరు ఆడపిల్లలను పెట్టుకుని, ఇడ్లీ పిండి రుబ్బి బజారులో ఒక టిఫిను హోటలుకు పోసేది. పొద్దున్నే మినప్పప్పు నానబెట్టాలి. మధ్యాహ్నం గ్రైండరులో వెయ్యాలి. సాయంత్రానికి నూక కలిపి పెడితే, పిండి పులిసి పొంగి, తెల్లవారేసరికి హోటలు మనిషి వచ్చి క్యాను పట్టుకుపోతాడు. వీధి బోరు నీళ్లు ఉప్పన. వాటితో రుబ్బితే పిండికి రుచీ ఉండదు, రంగూ ఉండదు. కొళాయి నీళ్లే కావాలి. అవేమో పల్లపువీధి నుంచి మేమిద్దరం చంకన బిందెతో మెరక ఎక్కి మోసుకొచ్చేవాళ్లం. అవి మధ్యాహ్నం వచ్చిన రోజు పప్పు ఆలస్యంగా నానేది, పిండి పులవకుండానే తెల్లారిపోయేది.

ఒకరోజు హోటలాయన తానే మెరక ఎక్కి వచ్చాడు. మంచివాడే, నోరు పారేసుకునే మనిషి కాదు. గుమ్మంలో నిలబడి, మా తోడికోడలి ముఖం చూడలేక గ్రైండరును చూస్తూ మాట్లాడాడు.

"సెల్లీ, నీ పిండికి నాను వంక పెట్టను. నీ టైముతోనే సచ్చిపోతన్నాను. నిన్న వేసిన ఇడ్లీ రాయిలాగున్నాది, వచ్చినోళ్లు ప్లేటు ఒగ్గేసి పోనారు. ఈ నెలాకరు దాకా సూస్తాను. అవకపోతే ప్యాకెట్టు పిండి తెప్పించుకుంటాను, ఏటీ అనుకోకు."

అతను దిగి వెళ్లాక ఆమె గ్రైండరును గుడ్డతో తుడిచింది, తుడిచిన చోటే మళ్లీ తుడిచింది. పిల్లల బడి మానిపించాల్సి వస్తుందేమోనని మాత్రం ఒక్క మాట అంది. నేను అప్పుడే తేల్చేసుకున్నాను, పొద్దున్నే నీళ్లు మా గుమ్మంలోకి రావలసిందేనని.

మర్నాడు ఇద్దరం ఆఫీసుకు వెళ్లాం. నేను రెండో తరగతి దాకా చదివాను, అర్జీ రాయడం నావల్ల కాదు గానీ నోరు బాగా పనిచేస్తుంది. నీళ్ల పనులు చూడడానికి అప్పుడే ఒక ఇంజనీరమ్మ కొత్తగా వచ్చింది. మా పెద్దమ్మాయి వయసు ఉంటుంది. నేను చెప్పిందంతా విని, అర్జీ అడగలేదు. నీళ్లు వదిలే వేళకు నేనే వస్తాను, నాతో నడవండి అంది. అన్నట్టే వచ్చింది. చెప్పులు చేత్తో పట్టుకుని పల్లపువీధి మొదటి నుంచి మా గుమ్మం దాకా ఆ తడిలోనే నడిచింది, ప్రతి ఇంటి ముందూ ఆగి చూసింది. చివరికి మా అరుగు మీద కూర్చుని, మా తోడికోడలు ఇచ్చిన టీ తాగుతూ సంగతి చెప్పింది. ట్యాంకులో నీళ్లకు కొదవ లేదట. గొట్టమూ బాగానే ఉందట. తెరిచిన కొళాయిలన్నీ ఒక్కసారిగా లాగేస్తుంటే నీళ్లకు మెరక ఎక్కే బలం ఉండటం లేదట. ముందు రోజే ట్యాంకు నింపించి ఉంచుతాననీ, వాల్వు తిప్పే ఆయన పొద్దున్నే అందరికంటే ముందు మా గొట్టం తిప్పేలా ఆయన తిరుగుడు మారుస్తాననీ చెప్పింది. ఆ మీదట అసలు చిక్కు చెప్పింది.

"అమ్మా, వేళ నేను కుదర్చగలను. కొళాయిలు మాత్రం నేను కట్టలేను. ఇదివరకు పనిచేసిన ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి కొత్త తలలు బిగించాం. కొన్నాళ్లకే అన్నీ తెరిచి పెట్టేశారు."

పెట్టరూ మరి? కొళాయి కడితే చప్పుడు రాదు. చప్పుడు లేకపోతే నీళ్లొచ్చిన సంగతి తెలియదు. ఆఫీసు చెప్పిన వేళను అప్పటిదాకా నమ్మి బాగుపడిన ఇల్లు ఒక్కటీ లేదు. వాళ్లకు నీళ్ల మీద ఒక చెవి కావాలి తల్లీ అన్నాను. ఆవిడ గ్లాసు పక్కన పెట్టి, రెండు వీధులకూ కలిపి ఒక్క చెవి చాలదా అంది. ఎవరింట్లో పెడదామని నేను అడుగుతూనే మా కొళాయి వంక చూశాను. అప్పటికే ఆవిడా అటే చూస్తోంది. అన్నిటికంటే ఎత్తున ఉన్నది అదే. దానికి నీళ్లు ఎక్కాయంటే కింద ప్రతి ఇంటికీ అందినట్టే. అందరూ కట్టుకుని ఉండాలి, మాది ఒక్కటే తెరిచి ఉండాలి. అది పలకగానే నేను పళ్లెం మోగిస్తాను, విన్నవాళ్లు కిందివాళ్లకు వినిపిస్తారు.

ఆఫీసు నుంచి మనిషిని పంపి వీధిలో చెప్పిస్తానంది. వద్దన్నాను. పల్లపువీధిలో చెప్పవలసింది ఒక్క మనిషికి, మా ఆడపడుచుకు. మా ఆయనకు అక్క. ఆ వీధిలో పందిరి రాట వెయ్యాలన్నా ఆమెను అడిగే వేస్తారు. అమ్మవారి పండగకు ఆడవాళ్లు ముర్రాటలు, అదే పసుపునీళ్ల బిందెలు, నెత్తిన పెట్టుకుని వెళ్లేటప్పుడు అందరికంటే ముందు నడిచేది ఆమే. ఆమె ఒప్పుకుంటే వీధి ఒప్పుకున్నట్టే.

నేను వెళ్లేసరికి గుమ్మంలో కూర్చుని, కళింగపట్నం నుంచి వచ్చిన ఎండుచేపల తలలు తుంచుతోంది. నా మాట సగంలో ఉండగానే అందుకుంది.

"ఒసే, మీ మెరకోళ్లకి నీళ్లు రాకపోతే మా కొళాయిల పీక నొక్కుతారేటి?"

"పీక నొక్కడమేటొదినా? మీరు కాళ్లు సాపుకుని పడుకోండి, మీ అందరి తరపునా నాను మేలుకుంటానంటన్నాను."

"నువ్వు పళ్లెం కొడితే నాను లెగాలా? మా తమ్ముడు లెగుస్తాడు, నాకేటి కర్మ?"

"పళ్లెం మోగీసరికి నీ ఇంట నీళ్లు రానేదనుకో, నీ బిందెలన్నీ నానే మోస్తాను."

"మోసీసినావులే. నిన్ను మోయడానికే ఇద్దరు మనుషులు కావాల" అని, ఒక చేప తల నా మీదకు విసిరి నవ్వింది.

నవ్వింది కదా అని హోటలాయన వచ్చి వెళ్లిన సంగతి చెప్పాను. ఆమెకు అది తెలియదు. తుంచడం ఆపేసింది. పోయిన మా మరిది ఆమె చంకన పెరిగిన చిన్న తమ్ముడు. ఆ పిల్లలు బడి మానేస్తారా అని అడిగింది. తరవాత చేతులు దులుపుకుని, సరే, ఒక వారం చూద్దామంది. ఆ సాయంత్రమే ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. తలలు లేని కొళాయిలకు ఇంజనీరమ్మ మనిషి వచ్చి తలలు బిగించాడు.

మొదటి పొద్దు వచ్చింది. వాల్వు తిప్పేశారని ఇంజనీరమ్మ ఫోను చేసింది. మా తోడికోడలు గిన్నెలో మినప్పప్పు పోసుకుని కొళాయి కింద పెట్టి కూర్చుంది. నేను కంచు పళ్లెం పట్టుకుని నిలబడ్డాను. కొళాయి బుసకొట్టింది, దగ్గింది, నాలుగు చుక్కలు రాల్చింది. అంతే. కింది నుంచి ఎవరో ఏటయిందని అరిచారు. ఇంకాస్త ఆలస్యమైతే ఒక్కొక్కరే కొళాయి తిప్పేసుకుంటారు, ఇక మళ్లీ ఎవరూ మా మాట వినరు.

పళ్లెం చంకన పెట్టుకుని మెరక దిగాను. ఇల్లిల్లూ చూసుకుంటూ పోయాను. అందరూ కట్టే ఉంచారు, పాపం. కాలవలో మాత్రం నీళ్లు పారుతున్నాయి. వాటి వెంట నడిస్తే అవి నన్ను తిన్నగా మా ఆడపడుచు పెరట్లోకి తీసుకెళ్లాయి. అక్కడ తల లేని పాత కొళాయి ఒకటి. దాని కింద పసుపు రాసి బొట్టు పెట్టిన బిందె, నిండి పొంగిపోతోంది. పక్కనే ఆవిడ, చేతులు కట్టుకుని.

"ఏటొదినా ఇది?"

"అమ్మోరి బిందె. పొద్దున్న మొదటి నీళ్లు సెయ్యి తగలకుండా దీంట్లో పడాల. మా అత్తనాటి నుంచీ ఇదే. దీనికీ కట్టీమంటావేటి?"

అబద్ధం ఆడలేదు, దాచనూ లేదు. ఆ కొళాయి ఈ లెక్కలోకి వస్తుందని ఆమెకు తోచనే లేదు. మీరైతే కోప్పడేవారేమో. కోప్పడితే మెరకవీధికి ఈ రోజుకీ నీళ్లు ఉండేవి కావు.

"కట్టమనను. బిందెనే మెరక ఎక్కిద్దాం" అన్నాను. "మా కొళాయి ఎలాగూ తెరిసే ఉంటాది. ఊరికి ముందు పడిన నీళ్లు సెయ్యి తగలకుండా దాంట్లోనే పడతాయి. నీ బిందె నువ్వే తెచ్చి పెట్టుకో, నీ కళ్లతోనే సూసుకో."

"రోజూ ఎక్కాలా?"

"ముర్రాటలకి ఊరంతా నడుస్తావు. తమ్ముడింటికి నడవనేవా?"

ఆవిడ కాసేపు బిందెను చూసింది. ఆమె అత్తగారి నాటి ఆచారం, ఊరికే కదపలేదు కదా. తరవాత పాత గుడ్డ ఒకటి చుట్టి, కొళాయి నోట్లో కుక్కి, చెక్కమేకు దిగ్గొట్టింది. బిందెలో నీళ్లు తులసికోటలో పోసి, ఖాళీ బిందె చంకన పెట్టుకుని నాకంటే ముందే బయలుదేరింది.

మెరక సగం ఎక్కామో లేదో పైనుంచి చప్పుడు. పళ్లెం నా దగ్గరే ఉండిపోయింది కదా, మా తోడికోడలు గరిటెతో సత్తు గిన్నె వాయించేస్తోంది. మేం వెళ్లేసరికి మా కొళాయి నుంచి బొటనవేలంత ధార. మినప్పప్పు గిన్నె నిండి, పొట్టు పైకి తేలుతోంది. కిందనంతా ఒకరి వెనక ఒకరు కొళాయిలు తిప్పుకుని, బిందెలు నిండగానే కట్టేస్తున్నారు, అందుకే మా ధార సన్నబడింది గానీ తెగలేదు.

మా ఆడపడుచు బిందె చంకన పెట్టుకుని అలాగే నిలబడింది. మొదటి నీళ్లు పప్పులో పడిపోయాయి మరి. అమ్మోరికంటే ముందు ఇడ్లీకా అంది. మా తోడికోడలి చేతిలో గరిటె ఆగిపోయింది. అప్పుడు ఆవిడ గిన్నెను పక్కకు జరిపి, తన బిందె ధార కింద పెట్టి, మెల్లగా చెప్పింది.

"పోనీలే. ఆ పిల్లల కూడే కదా. అమ్మోరు ఏటీ అనుకోదు."

ఆ రోజు పప్పు వేళకు నానింది. పిండి వేళకు పొంగింది. మర్నాటి నుంచి మా ఆడపడుచే పొద్దున్నే బిందెతో వచ్చి, పళ్లెం కూడా తానే మోగించేది, నేను సరిగ్గా కొట్టడం లేదట. పెట్టుకున్న వారం గడువు దాటింది, ఎవరూ ఆ మాట ఎత్తలేదు. కొన్నాళ్లకు వేళ ఎంత నిలకడగా కుదిరిందంటే, పళ్లెం మోగకముందే బిందెలు సిద్ధంగా ఉండేవి. ఇంజనీరమ్మ మిగతా వీధుల్లో కూడా ఎత్తున ఉన్న ఇల్లు వెతికి ఇదే పద్ధతి పెట్టించింది. ఏ వీధికి ఏ వేళో ట్యాంకు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించింది. ఆవిడ బదిలీ అయి వెళ్లిపోయాక కూడా ఆ వేళ తప్పలేదు. తప్పితే పల్లపువీధి ఆడవాళ్లు ఊరుకుంటారా? అలవాటైన సుఖం ఎవరు వదులుకుంటారు?

నెలాఖరుకు హోటలాయన మళ్లీ మెరక ఎక్కాడు. ఈసారి గ్రైండరు వంక చూడలేదు, మా తోడికోడలి ముఖమే చూశాడు. చేతిలో ఇంకో ఖాళీ క్యాను ఉంది. దాన్ని అరుగు మీద పెట్టి, సాయంత్రం టిఫినుకు కూడా పోస్తావా సెల్లీ అని అడిగాడు. ఆమె లోపలికి వెళ్లి, బడి సంచులు సర్దుకుంటున్న పిల్లలకు జడలు వేసి పంపించి, అప్పుడు బయటికొచ్చి, సరే పోస్తానంది.

ఇంతసేపు కదలకుండా విన్నారు, చల్లగా ఉండండి. మీ ఇంటి ఆడవాళ్ల నడుం మీద బరువు తగ్గాలి. మీ పొయ్యి వేళకు వెలగాలి, మీ పిల్లలు కడుపునిండా తిని బడికి వెళ్లాలి. మీ గడప ఎప్పుడూ పచ్చగా, తడిగా ఉండాలి తల్లీ.