మోటుపల్లి ఇసకలో మొదటి దోసిలి

ముందే చెప్తున్నాను, నేను ఇలాంటివి నమ్మే మనిషిని కాదు. బద్వేలులో హైస్కూలు పిల్లలకు లెక్కలు చెప్తాను. స్టాఫ్ రూములో ఎవరైనా దెయ్యం, గాలి, ధూళి అని మొదలుపెడితే నాకు ఒళ్లు మండుతుంది. నేను లోపలికి రాగానే "ఇంక దెయ్యాలన్నీ పారిపోతాయి" అని తోటి టీచర్లు ఎగతాళి చేస్తారు. వాళ్లకు ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు. చెబితే నా పరువేం కావాలి!

మా నాయన బోర్లకు పాయింట్లు పెట్టేవాడు. అరచేతిలో టెంకాయను అడ్డంగా పెట్టుకుని, చెప్పుల్లేకుండా చేనంతా నడిచేవాడు. నేల కింద నీళ్లున్న చోటికి రాగానే టెంకాయ పిలక పైకెత్తుకుని నిలబడేది. అక్కడ రాయి పాతి గుర్తు పెట్టేవాళ్లు. పని ముగిసేదాకా ఆయన పచ్చి మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. బోరులో నీళ్లు పడ్డాక మొదటి దోసిలి ఆయనకే ఇవ్వాలి. ఆయన తాగాకే రైతు, రైతు పెళ్లాం పిల్లలు, గొడ్లు. మా ఊళ్లవైపు అది ఆచారం, ఎవరూ తప్పరు.

దీని మీద ఆయనకూ నాకూ ఎప్పుడూ గొడవే. "నీ చెయ్యి వణికితే టెంకాయ లేస్తాది నాయనా, నీళ్లకూ దానికీ ఏం సంబంధం?" అనేదాన్ని. ఆయన కోపం తెచ్చుకునేవాడు కాదు. "నీ చేతిలో లేసినప్పుడు తెలుస్తాదిలే మే" అని నవ్వేవాడు.

మా ఇంటి బోరు పాయింటు కూడా ఆయనే పెట్టాడు. వీధిలో అందరికీ బోర్లున్నాయి గానీ, పప్పు మెత్తగా ఉడకాలంటే మా నీళ్లే కావాలి.

ఇన్ని నీళ్లు చూసిన మనిషి సముద్రం మాత్రం చూడలేదు. ప్రతి ఎండాకాలం సెలవులకు పోదాం అనుకునేవాళ్లం. బట్టలు సర్దుకునే సమయానికి పోరుమామిళ్ల నుంచో మైదుకూరు నుంచో ఎవరో ఒకరు బండేసుకుని వచ్చేవాళ్లు. చెట్లు ఎండిపోతున్నాయి సామీ అని వాకిట్లో నిలబడితే ఆయన కాదనలేడు. టెంకాయ తీసుకుని వాళ్ల బండెక్కేవాడు.

పోయినేడు ఆయన చనిపోయాడు. కడపలో కడుపు ఆపరేషన్ అయ్యాక చుక్క నీళ్లు కూడా ఇవ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పాడు. తడి దూది పెదాలకు అద్దమన్నాడు. పక్కన అమ్మ ఉంది. "ఊరందరికీ నీళ్లు జూపిచ్చినోన్ని, నాకు గుక్కెడు నీళ్లియ్యవా?" అని నాయన అడిగాడు. అమ్మ దూది అద్దింది. ఆయన మళ్లీ అడిగాడు. మళ్లీ దూదే అద్దింది. అడుగుతూనే పోయాడు.

అప్పటినుంచి అమ్మకు ఇంత మజ్జిగో చారో తప్ప నీళ్లు గొంతు దిగలేదు. గ్లాసు చేతిలోకి తీసుకునేది, దాన్నే చూస్తూ కూర్చునేది, నాలుక తడుపుకుని పక్కన పెట్టేసేది. కిడ్నీలు దెబ్బతింటున్నాయి, ఇట్లాగే ఉంటే మనిషి దక్కదని డాక్టరు నాకు విడిగా చెప్పాడు. తిట్టాను, ఏడ్చాను, బతిమాలాను. ఏం చేసినా లాభం లేకపోయింది.

చోటు మారితే మనసు మారుతుందని మా ఆయన అన్నాడు. అట్లా మొదలైంది సముద్రం ప్రయాణం మాట. కారులో నెల్లూరు, ఒంగోలు మీదుగా చీరాల వైపు పోవడం, అక్కడ సముద్రం ఒడ్డునున్న ఓడరేవు అనే ఊళ్లో రూములు తీసుకోవడం. ఒకరోజు ఊరికే బీచ్‌లో కూర్చోవడం. ఒకరోజు మగ్గాలాడే ఊళ్లు చూడటం. ఒకరోజు మోటుపల్లి. ఇప్పుడది చిన్న పల్లె గానీ ఒకప్పుడు ఓడలు ఆగిన రేవట, పాత గుడి ఉంది. తెల్లారే లేచి పరిగెత్తడాలు వద్దని నేను గట్టిగా చెప్పాను. మా ఆయనకు చేపల పులుసు మీదే ధ్యాస.

అమ్మ ఒక్క మాట మీద ఒప్పుకుంది. "మీ నాయన టెంకాయ తీసుకపోయి సముద్రంలో ఏద్దాం. ఆయన గూడా చూసినట్టు ఉంటాది." నాయన చివరిగా వాడిన టెంకాయ దేవుడి గూట్లోనే ఉంది. లోపల నీళ్లింకి, ఊపితే కొబ్బరి గుండు గలగలమంటుంది.

ఓడరేవులో రూములకు ఫోన్ చేసి మాట్లాడిన రోజే మా బోరు నీళ్లు ఉప్పెక్కాయి.

మొదట పప్పు ఉడకలేదు. తర్వాత టీ పెడితే విరిగిపోయింది. పాలవాణ్ణి తిట్టాను. చివరికి నోట్లో పోసుకుంటే, థూ, ఉప్పు! కొంచెం ఉప్పగా తగిలే చవ్వ నీళ్లు కాదు, నోరు పొక్కేంత ఉప్పు. పక్కింటి మస్తాన్‌బీని పిలిచాను, నాలుక మీద వేసుకుని "యా అల్లా" అని ఉమ్మేసింది. గోడకవతల ఆమె బోరు మాత్రం ఎప్పటిలాగే ఉంది. బోరు మెకానిక్ వచ్చి చూసి, మోటారులో గానీ పైపుల్లో గానీ లోపమేమీ లేదన్నాడు. మా స్కూల్లో సైన్సు సారుకు సీసాలో పట్టి ఇస్తే పరీక్ష చేసి, "ఇవి యాడి నీళ్లు మేడం, సముద్రం నీళ్ల మాదిరి ఉండాయి" అన్నాడు.

నాకు చిరాకేసింది, అంతే. భయం లేదు. భూమిలో ఏదో పొర కదిలుంటుంది అనుకున్నాను. అమ్మ అట్లా అనుకోలేదు. గోడకు ఆనుకుని కూర్చుని అంది: "నేనాయనకు నీళ్లియ్యలేదు గదా. నాకు నీళ్లు లేకుండా చేస్తాండాడు."

ఆ రోజు నుంచి క్యాను నీళ్లు తెచ్చినా ముట్టడం మానేసింది. ప్రయాణం వద్దంది. నేను మొండిదాన్ని. ఏడుస్తూనే పెట్టెలు సర్దాను. ఇంటి తాళం మస్తాన్‌బీకి ఇచ్చి, కుండీల్లో మొక్కలకు ఆమె బోరు నీళ్లు పోయమని చెప్పి బయలుదేరాం.

ఓడరేవులో అమ్మ సముద్రాన్ని తలెత్తి చూడలేదు. కారులోనే కూర్చుంది. టెంకాయ ఒళ్లో ఉంది. పెదాలు పగిలి ఉన్నాయి. ఇంకో రెండు పూటలు ఇట్లాగే ఉంటే ఆసుపత్రిలో పడేయాల్సిందే అనుకున్నాను.

మరుసటి రోజు మోటుపల్లి పోయాం. పొద్దు బాగా పైకెక్కింది, ఎండ మండిపోతోంది. గుడి చూసి, సరుగుడు తోపుల్లోంచి సముద్రం ఒడ్డుకు నడిచాం. టెంకాయ అమ్మ మోయలేకపోతోందని నేను తీసుకున్నాను. ఒక చేత్తో అమ్మను పట్టుకున్నాను, రెండో అరచేతిలో టెంకాయ అడ్డంగా ఉంది. నాయన లాగా పట్టుకోవాలని కాదు. ఒక చెయ్యే ఖాళీగా ఉంది, అట్లా కుదిరింది.

అలలు ఇంకా కొంచెం దూరం ఉండగా టెంకాయ కదిలింది.

నా నడకకు దొర్లుతోందేమోనని ఆగాను. ఆగాక అది లేచింది. మెల్లగా, పిలక పైకెత్తుకుని, నా అరచేతిలో నిటారుగా నిలబడింది. నా చెయ్యి వణకలేదు. చెయ్యి మొత్తం కొయ్యబారిపోయింది, వేళ్లు నా మాట వినలేదు. మా ఆయన వెనక తోపుల్లోనే ఉండిపోయాడు, పిలవాలన్న ధ్యాసే రాలేదు.

అమ్మ చూసింది. అక్కడే కూలబడి రెండు చేతులతో ఇసక తవ్వడం మొదలుపెట్టింది. మా సగిలేరు ఎండిపోయినప్పుడు ఇసకలో చెలమ తీసుకుని నీళ్లు తోడుకునే మనుషులం మేము. ఇసక కనపడితే చేతులు వాటంతటవే తవ్వుతాయి. సముద్రం పక్కన మంచినీళ్ల కోసం చెలమ తవ్వే పిచ్చివాళ్లు మా సీమవాళ్లు తప్ప ఇంకెవరుంటారు?

వలలు బాగుచేసుకుంటున్న ఒకామె లేచి వచ్చింది. "అవి ఉప్పునీళ్లమ్మా, తాగబాకండి. తోపుల అవతల దొరువు గుంటలో అయితే మంచినీళ్లుంటాయి. ఇంత ఒడ్డున యాడ తవ్వినా ఉప్పే" అంది.

మోచేతి లోతున నీళ్లూరాయి. బురద తేరుకున్నాక అమ్మ దోసిలి పట్టింది. తర్వాత మళ్లీ పట్టి తాగింది. మళ్లీ తాగింది. చీర కుచ్చిళ్లు తడుస్తున్నా చూసుకోకుండా, ఏడుస్తూ, గటగటా తాగింది. నేనూ తాగాను. అవి మా ఇంటి నీళ్లు. ఆ తియ్యదనం చిన్నప్పటినుంచి నా నాలుకకు తెలుసు. వలలామె కూడా రుచి చూసి, చెంగుతో మూతి తుడుచుకుని, తన వలల దగ్గరికి వెళ్లిపోయింది.

"కోపం లేదంట మే," అంది అమ్మ. "కోపం లేదంట మీ నాయనకు."

టెంకాయను సముద్రంలో వేయనివ్వలేదు. "నీళ్లు జూపిచ్చేదాన్ని నీళ్లలో పారేస్తారా ఎవురన్నా?" అని నన్నే కసిరింది. అమ్మ నన్ను కసిరి ఏడాది దాటిందని అప్పుడు గుర్తొచ్చింది. నాకు ఏడుపు ఆగలేదు.

సాయంత్రం మస్తాన్‌బీ తనే ఫోన్ చేసింది. "మా మోటారు చెడిపోయింటే మధ్యాన్నం మీ బోరే ఏసినా పాపా. నోట్లో ఏసుకుంటే శానా తియ్యగా ఉండాది. మీ నాయన ఉన్నప్పటి మాదిరే."

మర్నాడు మా ఆయనా నేనూ మళ్లీ అదే చోటికి పోయాం. చెలమ గుంట సగం పూడి ఉంది. తవ్వితే నీళ్లు వచ్చాయి, ఉప్పు నీళ్లు. టెంకాయ అరచేతిలో పెట్టుకుని ఒడ్డంతా తిరిగాను. దొర్లి కింద పడింది. ఇంటికొచ్చాక మా బోరు దగ్గర కూడా పెట్టి చూశాను. ఆ తర్వాత నా చేతిలో అది ఒక్కసారి కూడా లేవలేదు.

టెంకాయ సంగతి దాచి, ఒడ్డున మంచినీళ్ల మాట మాత్రం అడిగితే సైన్సు సారు ఒక సమాధానం చెప్పాడు. ఒడ్డు ఇసకలో వాన నీళ్లు ఉప్పునీళ్ల మీద తేలుతూ ఉండొచ్చట. ఉండనీ. మా బోరు సంగతి అడిగితే మళ్లీ సీసాలో నీళ్లు పట్టుకురమ్మన్నాడు. అమ్మ ఇప్పుడు చెంబు ఎత్తి తాగుతుంది. డాక్టరు రిపోర్టులు చూసి ఏం మందు వాడారని అడిగాడు.

ఒక్క సంగతి మాత్రం అమ్మకు గానీ, మా ఆయనకు గానీ చెప్పలేదు. ఆ రోజు చెలమలోంచి మొదటి దోసిలి అమ్మ తాగలేదు. పాయింటు పెట్టినాయనకే కదా మొదటి దోసిలి. అమ్మ కళ్లు మూసుకుని, తన పక్కన ఎవరో కూర్చున్నట్టు, చేతులు అటు చాపి పట్టుకుంది. నేను ఎదురుగా ఉన్నాను. దోసిట్లో నీళ్లు కొంచెం కొంచెంగా తగ్గి అయిపోయాయి. వేళ్ల సందుల్లోంచి ఒక్క చుక్క కూడా కారలేదు. అమ్మ చేతుల కింద ఇసక తెల్లగా, పొడిగా ఉంది. వంగి తాకి మరీ చూశాను.