వట్టి పిలుపు టీ

ఆపరేషన్లయిన ఆడవాళ్ళుండే ఆ వార్డులో సీనియర్ నర్సును అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. డాక్టర్లు, ఆయాలు, చివరికి లిఫ్టు నడిపే అతను కూడా ‘సైరనక్క’ అనే అనేవారు. రోగి కాస్త తేడాగా కనిపిస్తే చాలు, డాక్టరును పిలవడానికి ఫోనెత్తేస్తుందని ఆ పేరు. నవ్వుతూ పెట్టిన పేరే. ఆ నవ్వంటేనే ఆమెకు ఒళ్ళు మంట.

ఆ వార్డులో ఒక ఆనవాయితీ ఉండేది. పిలిస్తే డ్యూటీ డాక్టరు వచ్చి చూసి ‘ఏం లేదు’ అన్నాడంటే, పిలిచిన సిస్టరు అందరికీ టీ తెప్పించాలి. దాన్ని ‘వట్టి పిలుపు టీ’ అనేవారు. ఎవరు మొదలెట్టారో గుర్తులేదు గానీ, సరదా అనేవారు. సైరనక్క తెప్పించినన్ని టీలు ఇంకెవరూ తెప్పించలేదు. సిటీ బస్సు కండక్టరైన మొగుడు ఆటపట్టించేవాడు: "ఆ టీకొట్టువాణ్ణి పోషిస్తున్నది నువ్వే. కూతురి పెళ్ళికైనా పిలిచాడా?"

"టీ పోతే పోయింది. పిలవడానికి కొత్త పిల్లలు జంకుతున్నారు, అదీ నా ఏడుపు" అనేది ఆమె.

ఆ జంకు ఏం చేస్తుందో పోయిన నెలలో తెలిసింది. కిటికీ పక్క మంచం మీద చీపుళ్ళమ్ముకునే పెద్దావిడ మధ్యాహ్నం నుంచీ ఆయాసపడుతోంది. కొత్తగా చేరిన చిన్న సిస్టరు చూసింది. బీపీ బాగానే ఉందిగా, పిలిస్తే నవ్వుతారేమోనని ఊరుకుంది. బీపీ పడిపోయాక పిలిచింది. అందరూ పరిగెత్తుకొచ్చారు. ముఖం మీదికి దుప్పటి లాగడానికి తప్ప ఆ పరుగు దేనికీ పనికిరాలేదు. విచారణ జరిగింది. తప్పంతా చిన్న సిస్టరు నెత్తిన రుద్దారు. టీ సంగతి ఒక్కరూ ఎత్తలేదు. తాగిన నోళ్ళు కదా.

ఇప్పుడు అదే మంచం మీద బట్టలు కుట్టే ఆవిడ ఉంది. పేగుకు ఆపరేషనై మూడో రోజు. సాయంత్రం చూడ్డానికి వచ్చిన చెల్లెలు సైరనక్కను వెతుక్కుంటూ వచ్చింది.

"సిస్టర్, మా అక్క నన్ను తిట్టట్లేదండీ."

"తిట్టకపోతే మంచిదేగా తల్లీ."

"అది కాదండీ. పొద్దున వచ్చినప్పుడు ఈ జాకెట్టు చూసి, ఈ చంక కుట్టినవాడి చేతులు విరగ్గొట్టాలి అంది. ఇప్పుడు అదే జాకెట్టుతో ఎదురుగా నిలబడితే, ఎవరే నువ్వు అంటోంది."

సైరనక్క ముఖంలో నవ్వు పోయింది. వెళ్ళి రోగి ఛాతీ మీద చెయ్యి వేసి, గోడ గడియారం చూస్తూ నిమిషమంతా ఊపిరి లెక్కపెట్టింది. ముప్పై దాటింది, ఇరవైలోపు ఉండాల్సింది. పాదాలు చల్లగా తగిలాయి. మూత్రం సంచీ అడుగున ఏదో కాస్త, ముదురు రంగులో. బీపీ మాత్రం నిక్షేపంలా ఉంది. ఆమె భయమల్లా అదే. ఒళ్ళు తన శక్తంతా ఊడ్చిపెట్టి బీపీని నిలబెడుతుంది. అది పడేసరికి లోపల ఇంకేమీ మిగలదు. ఈ ముక్క చదవని డాక్టరు లేడు. తెలియక కాదు, లెక్కలేక.

ఫోనెత్తింది. "డాక్టర్ గారూ, కిటికీ పక్క మంచం. ఊపిరి ముప్పై దాటింది, చెల్లెల్ని గుర్తుపట్టట్లేదు, కాళ్ళు చల్లబడ్డాయి. పేగు కుట్టు లీకవుతోందని నా అనుమానం. వెంటనే రండి."

"బీపీ ఎలా ఉంది సిస్టర్?"

"బాగానే ఉంది."

"అయితే నొప్పికి అలా ఉంటుందిలెండి. ఇక్కడ పనయ్యాక వస్తా. టీ చెప్పి ఉంచండి."

ఫోను పెట్టేశాడు. సైరనక్క పళ్ళు పటపటలాడాయి. చిన్న సిస్టరును పిలిచింది. "ఆక్సిజన్ పెట్టు. ఇక్కణ్ణుంచి కదలకు. నేను పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్తున్నా."

"మెమో ఇస్తారేమో అక్కా."

"ఇవ్వనీ. ఫ్రేము కట్టించి ఈ మంచం మీదే వేలాడదీస్తా."

లిఫ్టు కోసం ఆగకుండా మెట్లెక్కి, ఆపరేషన్ థియేటర్ నుంచి బయటికొస్తున్న పెద్ద డాక్టరుకు అడ్డంగా నిలబడింది. "మీరు కుట్టిన పేగే సార్. ఇప్పుడు రాకపోతే, వాళ్ళ చెల్లెలికి రేపు మీరే చెప్పుకోవాలి."

"ఊపిరెంత?" అన్నాడాయన, అప్పటికే నడుస్తూ. ఆ మాట అడిగిన మనిషిని చూసి ఎన్నాళ్ళైందో ఆమెకు. చీకటి పడకముందే రోగి మళ్ళీ టేబుల్ మీద ఉంది. కుట్టు లీకైన మాట నిజమే.

బట్టలు కుట్టే ఆవిడ ఐసీయూలో కళ్ళు తెరిచి చెల్లెలి జాకెట్టును మళ్ళీ తిట్టిన రోజు, డ్యూటీ డాక్టరు వార్డందరికీ టీ తెప్పించాడు. "ఈసారి టీ నాది సైరనక్కా. భలే పట్టేశారు. మీరే గెలిచారు." అందరూ చప్పట్లు కొట్టారు.

"గెలవడానికి ఇదేమన్నా పేకాటా?" అంది ఆమె. చప్పట్లు ఆగాయి. "ఆ రోజు ఈ పిల్ల పిలిచుంటే, అది వట్టిదే అయ్యుంటే ఏం పోయేది? ఓ కప్పు టీ. ఆ కప్పుకు భయపడేలా చేశారు మీరు. చీపుళ్ళమ్మ పోయింది." తన కప్పును కిటికీ పక్క ఖాళీ మంచం దగ్గరి బల్ల మీద పెట్టింది. "ఇంకోసారి ఈ వార్డులో టీ మాటెత్తితే, సైరన్ సూపరింటెండెంటు గదిలో మోగుతుంది."

చివరి మంచం దగ్గరున్న చిన్న సిస్టరు గొంతు సవరించుకుంది.

"డాక్టర్ గారూ, ఈవిడెందుకో నాకు తేడాగా ఉంది. ఓసారి చూస్తారా?"

ఆయన కప్పు కింద పెట్టి వెళ్ళాడు. ఊపిరి లెక్కపెట్టాడు, నిమిషమంతా. ఏమీ లేదు, వట్టి పిలుపే.

"మళ్ళీ అనుమానమొస్తే మళ్ళీ పిలువు" అంది సైరనక్క చిన్న సిస్టరుతో, ఆయనకు వినపడేలా.