కనాటాలో మా ఇంటి చీటీ పాట

మా చిన్నప్పుడు... నెలకో ఆదివారం మధ్యాహ్నం కనాటా అనే ఊళ్లో మా ఇంట్లో చీటీ పాట ఉండేది. గుమ్మం దగ్గర మంచు బూట్ల గుట్ట, వంటింట్లో మిరపకాయ బజ్జీల పొగ, హాలు నిండా తెలుగువాళ్లు. పొగకి అలారం మోగితే స్టూలెక్కి టవల్ విసరడం నా డ్యూటీ.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నా... అందరూ నెలనెలా తలా కొంత వేస్తారు. మొత్తం పదివేల డాలర్లు. అవసరం ఉన్నవాళ్లు పాట పాడతారు. ఎవరు తక్కువకి ఒప్పుకుంటే ఆ నెల డబ్బు వాళ్లది. వాళ్లు వదులుకున్నది మిగతావాళ్లు పంచుకుంటారు. నడిపేది మా అమ్మ. సంతకాలూ లేవు, పూచీలూ లేవు... అంతా నమ్మకమే. వీధికో బ్యాంకున్న దేశంలో ఇదేం పని అంటారేమో. బ్యాంకువాడు జీతం స్లిప్పు చూపించమంటాడు. మా అమ్మ బజ్జీలు తినమనేది.

ఒక చలికాలం ఆ జీతాలే పోయాయి. నాన్న, రమణ అంకుల్ ఒకే టెలికాం కంపెనీలో ఇంజనీర్లు. ఇద్దర్నీ ఒకే రోజు తీసేశారు. మాది గుంటూరు, అంకుల్ వాళ్లది వరంగల్. నాన్నని నోరారా "అన్నా" అని పిలిచేవాడు, సగం భోజనాలు మా ఇంట్లోనే. ఒక కార్డు మీద డబ్బు తీసి ఇంకో కార్డుకి కట్టడం ఇద్దరూ కలిసే నేర్చుకున్నారు. ఇంటి వాయిదాలు మాత్రం ఇద్దరివీ ఆగిపోయాయి.

ఒకసారి పాట ఉన్న వారం మొదట్లో అంకుల్ వచ్చాడు. "ఈ నెల చీటీ నాకు వదిలెయ్యన్నా. లేకుంటే ఇల్లు పోతది" అన్నాడు. "అలాగేరా, నేను పాడను" అని నాన్న మాటిచ్చాడు. నేను అక్కడే హోంవర్క్ చేసుకుంటూ విన్నాను.

శుక్రవారం బ్యాంకు నుంచి మాకూ ఫోనొచ్చింది. నెలాఖరుకి బాకీ కట్టకపోతే మా ఇల్లూ వాళ్లే తీసుకుంటారట. ఆ సంగతి నాన్న అంకుల్‌కి చెప్పలేదు. చెప్పే మొహం లేక, ఆదివారం అలాగే పాటలో కూర్చున్నాడు.

"తొమ్మిది వేలు" అన్నాడు రమణ అంకుల్. అమ్మ "ఒకటోసారి" అంటుండగానే నాన్న నేలచూపులు చూస్తూ "ఎనిమిది" అన్నాడు.

"ఏందన్నా ఇది?" అన్నాడు అంకుల్.

ఏడు... ఆరున్నర... ఆరు... ఒకడి గొంతు ఒకడు కోసుకుంటున్నట్టే ఉంది. సోఫాలో అంతమంది పెద్దమనుషులున్నారు కదా, ఒక్కరైనా ఆపండ్రా అనలేదు. ఎందుకంటారు... వీళ్లిద్దరూ తగ్గేకొద్దీ వాళ్ల వాటా పెరుగుతోంది. నాన్న "అయిదు" అన్నాక అమ్మ "రెండోసారి" అని అంకుల్ వైపు చూసింది. "కానివ్వండమ్మా, టైమవుతోంది" అన్నాడొకాయన. అమ్మ "మూడోసారి" అనేసింది.

రమణ అంకుల్ లేచి నాన్న కాలర్ పట్టుకుని మొహం మీద గుద్దాడు. ఆ చప్పుడు నాకింకా గుర్తే. ఇద్దరూ గాజు బల్ల మీద పడ్డారు, బల్ల భళ్లున పగిలింది. అంకుల్ మోచేతిలో గాజుపెంకు దిగింది. అయినా ఆగలేదు. నాన్న గొంతు పట్టుకుని గుమ్మం దాకా ఈడ్చుకెళ్లి బూట్ల మీద పడేశాడు. నాన్న నోట్లోంచి రక్తం, ఒక పన్ను. నాన్న చేతికి మంచు ఎత్తే పార దొరికింది. దాంతో అంకుల్ భుజం మీద కొట్టాడు. మళ్లీ కొట్టాడు. అంకుల్ మోకాళ్ల మీద కూలబడి "మాటిచ్చినవ్ కదన్నా" అన్నాడు. నాన్న మూడో దెబ్బకి పార ఎత్తాడు. ఈసారి తల మీదే పడేది... చంపేస్తాడనే అనుకున్నాను. సోఫాలో వాళ్లు మాత్రం చట్నీ ఒలక్కుండా ప్లేట్లు పైకి పట్టుకున్నారు.

అమ్మ వచ్చి నాన్న చేతిలోంచి పార లాక్కుంది. ఎవర్నీ కొట్టలేదు. తిన్నగా హాల్లోకి నడిచి, మా పెద్ద టీవీ మీద బలమంతా పెట్టి కొట్టింది. అది ముక్కలయ్యేదాకా కొడుతూనే ఉంది. దాని వాయిదాలు ఇంకా తీరనే లేదు. అప్పుడాగారు అందరూ.

అమ్మకి డ్రైవింగ్ రాదు. మిగతా అంకుల్సు గబగబా బూట్లు వెతుక్కుంటున్నారు. చివరికి నాన్నని ఎమర్జెన్సీకి తీసుకెళ్లింది రమణ అంకులే. మోచేతికి మా టవల్ చుట్టుకుని, ఒంటిచేత్తో నడుపుతూ. నేనూ వెనక సీట్లో కూర్చున్నాను. దెబ్బలెలా తగిలాయని నర్సు అడిగితే నాన్న ఐస్ మీద జారానన్నాడు. "నేను గూడ" అన్నాడు అంకుల్. కుర్చీల్లో పక్కపక్కనే కూర్చుని ఇద్దరూ ఏడ్చారు.

ఆ అయిదువేలు ఏ మూలకీ చాలలేదు. ఎండాకాలం రాకముందే మా ఇల్లూ పోయింది, వాళ్లిల్లూ పోయింది. మేం ఎటోబికోలో ఒక బేస్‌మెంట్‌కి మారాం. సోఫాలో వాళ్లు తమ వాటా మాత్రం ఒక్క డాలరు వదలకుండా తీసుకున్నారు. వాళ్లని నేనివాళ్టికీ క్షమించలేదు, క్షమించను కూడా.

ఇప్పుడు నేను ఏజాక్స్‌లో ఉంటున్నా. మొన్నటి లేఆఫ్‌లో మా ఆయన ఉద్యోగం పోయింది. కార్డులు నిండాయి, ఇంటి లోను రెన్యూవల్‌కొచ్చింది, ఇక కొత్త వడ్డీ కట్టాలి, అది చూస్తే మొహం మీద గుద్దినట్టుంది. ఎవరితోనూ చెప్పుకోం. మా వీధిలో ఇంకెన్ని ఇళ్లల్లో ఇదే పరిస్థితో నాకు తెలీదు. అందరం పార్టీల్లో నవ్వుతూ ఫొటోలు దిగుతాం... బాకీ కట్టమని ఫోన్‌లో మెసేజ్ వస్తే పక్కకెళ్లి చూసుకుంటాం.

మీ ఇళ్లల్లో ఆ కరువు రోజులు ఎలా గడిచాయో రాయండి... పేరు లేకుండా రాసినా సరే. అప్పట్లో మా నాన్నని కొట్టినవాడికి ఒక మొహం ఉండేది. ఆస్పత్రిలో కుట్లు వేస్తుంటే నాన్న చెయ్యి పట్టుకున్నదీ ఆయనే. మాకిప్పుడు దెబ్బలైతే తగులుతున్నాయి కానీ... పట్టుకోవడానికి ఎవరి చెయ్యీ లేదు.