ఈ మేక ఎవరిది?

గూడెం వైపు మన్యంవాళ్ల తిరుగుబాటు, అదే పితూరీ, చల్లారి ఏడాదయిందో లేదో, ఆ రోజుల్లో నాకు చేతకాని పని లేదని గట్టి నమ్మకం. (వయసు చేసే మేలు అది, ముదిరాక ఎంత వెతికినా దొరకదు.) కొండ మీద బడి తెరిచే ఉద్యోగం ఇస్తాం, ముందు కొండవాళ్ల కువి భాష నేర్చుకోమంటే, పార్వతీపురంలో ఓ మిషన్ బంగళా వరండాలో విద్యార్థిగా చేరాను. నాతోపాటు మరిద్దరు. ఒకాయన సాలూరు నుంచి వచ్చినాయన. ఎండైనా వానైనా గొడుగు వదలడు కనక గొడుగు మేష్టారు. రెండో ఆమె సముద్రం దాటొచ్చిన నర్సు దొరసాని. తెలుగు బైబిలు చదివి నేర్చిన తెలుగు కావడంతో, ఆవిడ మజ్జిగ అడిగినా ప్రార్థన చేసినట్టుండేది. కువిలో మాకు బాగా పట్టుబడిన వాక్యం ఒక్కటే: "ఈ మేక ఎవరిది?" మిగతావన్నీ సగంలోనే తెలుగులోకి జారిపోయేవి.

దసరా వెళ్లి, వానలు వెనకబట్టి, కొండవాలులన్నీ వలిసెపూలతో పసుప్పచ్చగా మెరుస్తుంటే దొరసానికి కొండెక్కాలని బుద్ధి పుట్టింది. పాచిపెంట దాకా ఎడ్లబండి, అక్కణ్ణుంచి కాలినడక. దారి చూపే మనిషి ఎందుకు, అడుగుతూ పోతే భాష వస్తుందన్నది నేనే. మధ్యాహ్నం దాటేసరికి దారి తప్పాం. పొగమంచు దిగింది. "బేగి రండి బాబూ, మబ్బు కమ్మేత్తంది," అంటూ మేష్టారు ముందు నడుస్తుండగా వెనక దభీమని చప్పుడు. దొరసాని రాళ్ల మధ్య కూలబడి, "సహోదరులారా, నా పాదము మెలిపడినది," అంది. చూస్తుండగానే చీలమండ వంకాయంత అయింది. మోసుకుపోదామంటే ఆవిడ మా ఇద్దరికన్నా భారీ మనిషి. అది ఎలుగుబంట్లు తిరిగే చోటు. పొద్దు వాలుతోంది.

ఎక్కడో దిగువన కోడి కూసింది. అంటే ఊరుంది! తెలుగులో గొంతు చించుకున్నాం. పోలీసులనుకున్నారో ఏమో, ఉన్న అలికిడీ ఆగిపోయింది.

"సాయం రండని కువిలో ఏటంతారు బాబూ?" అన్నాడు మేష్టారు.

ఆ పాఠం ఇంకా రాలేదు. దొరసాని కళ్లు మూసుకుని, ఊపిరి నిండా పీల్చి, కువిలో ఒక్క కేక పెట్టింది: "ఈ మేక ఎవరిది?" మేమూ అందుకున్నాం. కొండలన్నీ మేక ఎవరిదని అడిగాయి.

కాసేపటికి మంచులోంచి కర్ర పట్టుకుని ఒకావిడ, వెనక కొందరు మగవాళ్లు పరుగెత్తుకొచ్చారు. పొద్దుటినుంచీ ఆవిడ మేక కనబడటం లేదని తరవాత తెలిసింది. కువిలో ఏదో గద్దించింది. మేం మళ్లీ అదే వాక్యం చెప్పాం. దాంతో ఆవిడ సంతల్లో నేర్చిన తెలుగులోకి దిగింది.

"మేకేదీ? నా మేకని ఏటి సేసినారు?"

"మేక లేదమ్మా," అన్నాను.

"నేకపోతే ఎవులిదని ఏటికడుగుతన్నారు?"

మేష్టారు గొడుగు చాపి దొరసాని కాలు చూపించాడు. మేకావిడ వంగి వాపు తడిమి, మా మొహాలు చూసి, కర్ర కింద పడేసి పగలబడి నవ్వింది. మగవాళ్లు గొంగళితో డోలీ కట్టారు. ఆవిడ ఇంట్లో అంబలి తాగుతుండగా మేక తనంతట తానే గెంతుకుంటూ లోపలికొచ్చింది. దొరసాని దానివైపు చెయ్యి చూపి, ఎంతో వినయంగా, ఈ మేక ఎవరిదని అడిగింది. ఆ నవ్వులకి మేక బెదిరి మళ్లీ పారిపోయింది.

మర్నాడు డోలీ ఎత్తబోతుంటే ఆవిడ దొరసాని చెయ్యి పట్టుకుని కువిలో చాలాసేపు ఏదో చెప్పింది. నవ్వుతూ మొదలెట్టి, కళ్లు తుడుచుకుంటూ ముగించింది. ముగ్గురం గంభీరంగా తలలూపాం. మళ్లీ రమ్మందని మేష్టారు, చచ్చిపోయిన కూతురి మాట అని దొరసాని, కాలికి కట్టాల్సిన ఆకుల సంగతని నేను దారంతా వాదించుకున్నాం. వెనక్కెళ్లి అడగడానికి ముగ్గురికీ నామోషీ.

తరవాత ఆ కొండల్లోనే బడి నడిపాను. కలలు కూడా కువిలో వచ్చేంతగా భాష వంటబట్టింది. కాని ఆ ఊరికి మళ్లీ వెళ్లేసరికి ఆవిడ లేదు. మాటలు ఎంత తలుచుకున్నా గుర్తు రావు. గొంతు మాత్రం వినబడుతుంది. ఇప్పుడు నేను అర్థమైతేగాని దేనికీ తలూపని పెద్దమనిషిని. ఒక్క ముక్క తెలియకుండానే అంత మనసారా తలూపిన ఆ కుర్రాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా.