రెండోవైపు పాటలు

ఆవిడకి పెట్టిన పేరు ఒకటుంది గాని, దాంతో పిలిచేవాళ్లు లేరు. ట్రెడిల్ అనే, కాలితో తొక్కే పాతకాలపు అచ్చుయంత్రం దగ్గర ముప్పయ్యేళ్లుగా నిలబడుతోంది కాబట్టి వీధి మొత్తానికీ ట్రెడిలక్క.

ముందుగది అన్నగారి ప్రింటింగ్ షాపు. అక్కడ బటన్ నొక్కితే రంగుల కాగితాలు వాటంతటవే వచ్చి పడుతుంటాయి. వెనకగది ఆవిడది. సీసపు అక్షరాల అరలు, కిరసనాయిలు వాసన, అరికాలు ఆనేచోట నున్నగా అరిగిపోయిన ఇనప పెడల్. బిల్లుబుక్కులు వేయించేవాళ్లు తగ్గిపోయాక ఆ గది మీద అన్నగారి కన్ను పడింది. పాత వస్తువు కనబడితే మనుషులకి రెండే తోస్తాయి: అమ్మేయడం, లేకపోతే అద్దాలబీరువాలో పెట్టి మురిసిపోవడం. ఆయనకి మొదటిదే తోచింది.

అలాంటప్పుడు వచ్చాడు గడ్డం పాటగాడు. సొంతంగా పాటలు కట్టి, ఏ కంపెనీ గడపా తొక్కకుండా, రెండువైపులా పాటలుండే పాతకాలపు నల్లపళ్లెం రికార్డు వేయించుకున్నవాడు. దానికి రెండువందల అట్టకవర్లు, చేత్తో తడిమితే అక్షరం లోతు తెలిసేలా కావాలన్నాడు.

"ఈ ఒక్క పనీ చూస్తాను చెల్లాయ్," అన్నాడు అన్నగారు. "అతను మెచ్చి తీసుకెళ్తే యంత్రం ఉంటుంది. వంక పెట్టాడా, పాతినప సామాను వాడికి ఫోన్ చేస్తా."

"చెయ్యి చెయ్యి. వాడొస్తే ముందు నిన్ను తూకం వేయిస్తా."

నోరు అలా అంది గాని, చెయ్యి వెళ్లి యంత్రాన్ని పట్టుకుంది.

ట్రెడిలక్కకి తండ్రి నేర్పిన అలవాటొకటుంది. ఎప్పుడూ ఒకే కూనిరాగం తీస్తూ, ఆ నడకకే కాలు వేస్తుంది. కాలు ఒకే వేగంతో ఆడితేనే రోలర్లు ప్రతి అక్షరానికీ సమంగా సిరా పూస్తాయి. ఈసారి మాత్రం, ఎవరి కవర్లు వేస్తున్నామో వాళ్ల పాటలు వినకపోతే మర్యాద కాదనిపించింది. అతను పంపినవి ఫోన్‌లో పెట్టుకుంది. రికార్డు మొదటివైపు పాటలన్నీ నింపాదిగా సాగాయి. వంద అట్టలు కళ్లకద్దుకునేలా వచ్చాయి. రెండోవైపు పాటలు ఉరకలు వేశాయి. ఆవిడ కాలూ ఉరికింది. చేతులు అట్టల అంచులు సర్దుకుంటున్నాయి, చెవులు పాటలో ఉన్నాయి, అక్షరాల మొహం చూసే తీరిక దేనికీ లేదు. పాటలయ్యేసరికి మిగతా వంద అట్టల మీదా సిరా, జబ్బుపడి లేచినట్టు పాలిపోయి ఉంది.

సరిగ్గా అప్పుడే గడ్డం పాటగాడు గుమ్మంలో ప్రత్యక్షమయ్యాడు. మర్నాడే కచేరీ. ఆ రకం అట్ట ఒక్కటీ మిగల్లేదు.

ఒక కవరు తీసి వెలుతురుకి పెట్టి చూశాడు. "భలే ఉందక్కా! వెలిసిపోయినట్టు... ఇదే కళంటే."

ముందుగదిలోంచి అన్నగారు తల పెట్టాడు. "అంటే, మెచ్చినట్టేగా?"

ఊఁ అంటే యంత్రం దక్కేది. ట్రెడిలక్క నోరు మూసుకుంటే చాలు. ఆవిడకి చేతకాని పని అదొక్కటే.

"కళా కాదు, గాడిదగుడ్డూ కాదు. కాలు తప్పింది. నా తప్పుకి నువ్వు ముద్దుపేర్లు పెట్టకు తమ్ముడూ. అట్ట ఆనే పిన్నులు ఇంకా కదపలేదు. అదేచోట రెండోసారి అచ్చేస్తే సిరా నిండుతుంది. వెంట్రుకవాసి జరిగిందా, అక్షరం రెండుగా కనబడుతుంది. అప్పుడు ఈ వందా చెత్తబుట్టకి, యంత్రం తూకానికి."

"భయం వెయ్యట్లేదా?" అన్నాడు పాటగాడు.

"ఎందుకు వెయ్యదూ? అందుకే నువ్వు పాడు. నీ పాటల గోలలో పడి నా కూనిరాగం మర్చిపోయాను. మొదటివైపు పాటే. వేగం పెంచావో, అట్టతో కొడతా."

అతను స్టూలు మీద కూర్చుని పాడాడు. మొదటి అట్ట లోపలికెళ్లి వచ్చింది. ఆవిడ వెలుతురుకి పెట్టి చూసింది. అక్షరం మీద అక్షరం అతికినట్టు కూర్చుంది. ఇరవయ్యో అట్టకి అన్నగారు తనకి తెలియకుండానే తలుపు మీద వేళ్లతో తాళం వేస్తున్నాడు. యాభైకి పాటగాడి గొంతు బొంగురుపోయింది.

"నీళ్లు తాగు. ఆ రెండో చరణం వదిలెయ్, అందులో సంగతేం లేదు."

"అది నాకు ప్రాణమక్కా!"

"తెలుస్తూనే ఉంది. అక్కడికొచ్చేసరికి సాగదీస్తున్నావు, నా కాలు గాల్లో ఉండిపోతోంది."

వందా అయ్యాయి. ఆరు చెడ్డాయి. పాటగాడు అడ్డుపడుతున్నా వాటిని చింపేసింది. మిగిలినవాటిని మొదటి వందలో కలిపి, ఏవి ఒకసారి వేసినవో ఏవి రెండుసార్లు వేసినవో చెప్పమంటూ అన్నగారి ముందు పెట్టింది. ఆయన కళ్లజోడు తగిలించుకుని, వేలితో తడిమి, మూడుసార్లు తప్పు చెప్పి, "సరేలే, షాపు కట్టెయ్యాలి" అంటూ ముందుగదిలోకి పోయాడు. ఓడిపోయానని ఒప్పుకునే పద్ధతి ఆయనకదే. యంత్రం అమ్మే మాట మళ్లీ ఎత్తలేదు.

పాటగాడు కవర్ల కట్ట గుండెలకి హత్తుకుని, ఉన్న కాస్త గొంతుతో అన్నాడు: "వచ్చే రికార్డుకీ నీ దగ్గరికే వస్తానక్కా."

"రా. రెండువైపులా నింపాదిగా కట్టుకురా. నా మోకాళ్లకి వయసొచ్చింది."